డొమైన్ పేర్లు కొని అమ్మడం: నెల్లూరు, ఒంగోలు వైపు నుంచి మొదలుపెట్టేవారికి

డొమైన్ పేరు అంటే వెబ్‌సైటు చిరునామా. దాన్ని కొనడం పది నిమిషాల పని. అమ్మడం నెలలు పట్టే పని, ఒక్కోసారి ఏళ్లు పడుతుంది. ఇందులో చేతులు కాల్చుకునేవాళ్లలో ఎక్కువమంది మంచి పేరు దొరికిందన్న సంబరంలో కొనేసి, దాన్ని ఎవరు కొంటారో తర్వాత ఆలోచిస్తారు. అందుకే ఇక్కడ వరుస తిరగేసి చెబుతున్నాం. ముందు కొనేవాళ్లు, తర్వాతే పేరు.

2019లో వాయిస్ డాట్ కామ్ అనే పేరు 3 కోట్ల డాలర్లకు అమ్ముడైంది. అలాంటి వార్తలు చదివి దిగాలనుకుంటే ఆగండి. ఆ పేర్లన్నీ ఇంటర్నెట్ తొలిరోజుల్లోనే ఎవరో ఒకరు తీసేసుకున్నవి. ఇప్పుడు కొత్తగా వచ్చేవారికి మిగిలింది చిన్న బేరాలే. 10 వేల నుంచి లక్ష, లక్షన్నర మధ్యవి. అవి చేయొచ్చు.

సరుకు ఏంటో ముందు తెలుసుకోండి

డొమైన్ "కొన్నాం" అంటాం గానీ అది పట్టా భూమి కాదు, కౌలు. ఏటా డబ్బు కడుతున్నంత కాలం మీ పేరు మీద ఉంటుంది. డాట్ కామ్ అయితే ఒకేసారి గరిష్ఠంగా 10 ఏళ్లకు కట్టుకోవచ్చు. డాట్ కామ్ మొత్తం రిజిస్ట్రీని, అంటే పేర్లన్నీ నమోదయ్యే మూల పట్టికని, వెరిసైన్ అనే అమెరికా కంపెనీ నడుపుతుంది. పైన నియమాలు పెట్టేది ఐకాన్ అనే అంతర్జాతీయ సంస్థ. మన డాట్ ఇన్‌ని చూసేది నిక్సీ, అంటే నేషనల్ ఇంటర్నెట్ ఎక్స్ఛేంజ్ ఆఫ్ ఇండియా. మీరు డబ్బు కట్టే గోడాడీ, నేమ్‌చీప్, డైనాడాట్, బిగ్‌రాక్ లాంటివి రిజిస్ట్రార్లు, మధ్యలో ఉండే డీలర్లు.

ఇది ఎందుకు తెలియాలంటే, డాట్ కామ్‌కి రిజిస్ట్రార్ వెరిసైన్‌కి కట్టే టోకు ధరే ఏడాదికి సుమారు 10 డాలర్లు. కాబట్టి ఎవరైనా 199 రూపాయలకే డాట్ కామ్ ఇస్తున్నారంటే అది మొదటి ఏడాది ఎర మాత్రమే. రెండో ఏడాది 1,200 నుంచి 1,500 దాకా పడుతుంది, పైన 18 శాతం జీఎస్టీ. డాట్ ఎక్స్‌వైజెడ్, డాట్ ఆన్‌లైన్, డాట్ స్టోర్ లాంటి కొత్త తోకలు ఇంకా ప్రమాదం. మొదటి ఏడాది వంద రూపాయలు, రెన్యువల్‌కి వేలు. కొనే పేజీలో పెద్ద అక్షరాల్లో కనిపించే ధర వదిలేసి, కింద చిన్న అక్షరాల్లో ఉండే రెన్యువల్ ధర చూసి లెక్క వేయండి. కొన్ని పేర్లను రిజిస్ట్రీయే "ప్రీమియం" అని పక్కన పెట్టి ఏటా ఎక్కువ వసూలు చేస్తుంది. వాటి జోలికి పోవద్దు.

పెట్టుబడి లెక్క

మొదటి విడతకి పది పేర్లు చాలు. ఆరు డాట్ కామ్‌లు ఒక్కోటి 1,300 చొప్పున 7,800. నాలుగు డాట్ ఇన్‌లు 700 చొప్పున 2,800. మొత్తం 10,600, జీఎస్టీతో 12,500 చిల్లర. ఇంకో 12,500 పక్కన పెట్టండి, అది వచ్చే ఏడాది రెన్యువల్ డబ్బు. అంటే చేతిలో 25 వేలు ఉంటేనే పది పేర్లు. అంత లేకపోతే ఐదే కొనండి. అప్పు తెచ్చి మాత్రం వద్దు. ఈ సరుకు కుదువ పెట్టుకునేవాళ్లు ఎవరూ లేరు.

అమ్మకం వేగం గురించి వర్తకులు చెప్పుకునే మోటు లెక్క ఒకటుంది. డొమైన్లు అమ్మే ఆన్‌లైన్ మార్కెట్లలో పెట్టి ఊరుకుంటే, వంద పేర్లలో ఏడాదికి ఒకటి, మహా అయితే రెండు పోతాయి. దాన్ని రూపాయల్లోకి మార్చి చూడండి. వంద డాట్ కామ్‌లకు ఏటా జీఎస్టీతో లక్షన్నర రెన్యువల్. ఒక పేరు 60 వేలకు అమ్ముడైతే, మార్కెట్ కమిషన్ 15 నుంచి 25 శాతం పోగా చేతికి వచ్చేది 45 వేల నుంచి 51 వేలు. మిగతా లక్ష ఎక్కడి నుంచి తెస్తారు? అందుకే పేర్లు గుట్టలుగా పోగేయడం కొత్తవారికి పనికిరాదు. తక్కువ పేర్లు పెట్టుకుని, ప్రతిదాన్నీ మీరే తీసుకెళ్లి చూపించే పద్ధతే గిట్టుబాటు.

పదిమంది పరీక్ష

ఏ పేరైనా కొనేముందు ఒక కాగితం మీద దాన్ని కొనగల పది సంస్థల పేర్లు రాయండి. ఊహించినవి కాదు, ఫోన్ నంబర్ దొరికే అసలైనవి. పది రాయలేకపోతే ఆ పేరు వదిలేయండి. ఎంత అందంగా ఉన్నా సరే.

ఈ రెండు జిల్లాల్లో ఎవరికి డొమైన్ అవసరం ఉంది, ఎవరికి డబ్బు పెట్టే అలవాటు ఉంది అన్నది వేర్వేరు ప్రశ్నలు. చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ గ్రానైట్ ఎగుమతిదారులకు రెండూ ఉన్నాయి. వాళ్ల కొనుగోలుదారులు విదేశాల్లో ఉంటారు, సైటు చూసే నమ్ముతారు, ఒక కంటెయినర్ విలువ ముందు 50 వేలు పెద్ద మాట కాదు. రొయ్యల ఎగుమతి, ఫీడ్, హ్యాచరీల వాళ్లదీ ఇదే పరిస్థితి. కృష్ణపట్నం పోర్టు చుట్టూ ఉన్న క్లియరింగ్, లారీ రవాణా, కోల్డ్ స్టోరేజీ సంస్థలు తర్వాతి వరసలో వస్తాయి. నెల్లూరు, ఒంగోలులోని ప్రైవేటు ఆసుపత్రులు, డయాగ్నస్టిక్ సెంటర్లు, కోచింగ్ సంస్థలు డాట్ ఇన్‌కి 10, 15 వేలు పెడతాయి.

ట్రంక్ రోడ్డులో బట్టల షాపు ఆయన పెట్టరు. ఆయనకి వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్, గూగుల్ మ్యాప్‌లో చోటు ఉంటే చాలు, అది తప్పని అనలేం. మలై కాజా, చేపల పులుసు పేర్లతో డొమైన్లు కొనాలని చాలామందికి మొదట అనిపిస్తుంది. కొరియర్‌లో పిండివంటలు పంపే వ్యాపారాలు పెరుగుతున్నాయి కాబట్టి పూర్తిగా కొట్టిపారేయలేం గానీ, వాళ్లు సాధారణంగా తమ ఇంటిపేరో, అమ్మ పేరో పెట్టుకుంటారు. మీరు ఊహించిన పేరు వాళ్లకి అక్కర్లేదు.

వార్త చూసి కొనే పేర్ల విషయంలో ఇంకా జాగ్రత్త. రామాయపట్నం పోర్టు అనగానే ఆ ఊరి పేరుకి "ప్లాట్స్", "హోమ్స్", "ల్యాండ్స్" తగిలించి కొనేస్తారు. ఆ పేర్లు కావలసింది రియల్ ఎస్టేట్ మధ్యవర్తులకి. వాళ్లలో ఎక్కువమంది వాట్సాప్ స్టేటస్ మీదే వ్యాపారం చేస్తారు. పదిమంది పరీక్షలో అవి మూడో పేరు దగ్గరే ఆగిపోతాయి.

పేరు ఎలా ఉండాలి

రెండు ఇంగ్లీషు మాటలు, రెండూ చిన్నవి, అర్థం వెంటనే తెలిసేవి అయితే మేలు. మొత్తం 15 అక్షరాలు దాటకుండా చూడండి. సరుకు పేరు ఒకటి, దాని పక్కన "ఎక్స్‌పోర్ట్స్", "స్లాబ్స్", "ఫార్మ్స్", "కేర్" లాంటిది ఒకటి. హైఫన్ వద్దు, అంకెలు వద్దు. ఏకవచనమా బహువచనమా అన్నది చూసుకోండి. "స్లాబ్" అని కొన్నవాళ్లు, "స్లాబ్స్" అన్నదే అందరూ వాడే మాటని తర్వాత గమనిస్తారు.

తెలుగు మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో రాసే పేర్ల దగ్గర అసలు చిక్కు వస్తుంది. పచ్చడిలో సి ఒకటా రెండా? రొయ్యలులో వై ఒకటా రెండా, చివర యు ఉందా లేదా? మాగాణిలో ఏ ఎన్ని? ఒకరు ఒకలా రాస్తే ఇంకొకరు ఇంకోలా రాస్తారు. పరీక్ష ఇలా చేయండి: పేరుని ఫోన్‌లో ఐదుగురికి ఒక్కసారే చెప్పి, వాట్సాప్‌లో ఇంగ్లీషులో రాసి పంపమనండి. నలుగురు ఒకే స్పెల్లింగ్ పంపితే ఆ పేరు నిలుస్తుంది. ముగ్గురికి తగ్గితే కొనొద్దు. కొంటే రెండు స్పెల్లింగులూ కొనాలి, అప్పుడు రెన్యువల్ రెట్టింపు. "రుచి", "అమ్మ", "పంట", "సిరి" లాంటివి ఒకే తీరుగా రాస్తారు కాబట్టి బాగుంటాయి, కానీ ఒంటరిగా అవి ఎప్పుడో అయిపోయాయి. జంటల్లో వెతకాలి.

ఊరి పేర్లలో నెల్లూరు, ఒంగోలుకి ఇంగ్లీషులో స్థిరపడిన స్పెల్లింగ్ ఉంది, ఇబ్బంది లేదు. చీమకుర్తి, పొదిలి, కనిగిరి, కావలి పేర్లు రాసేటప్పుడు రైల్వే స్టేషన్ బోర్డు మీదో, ప్రభుత్వ సైటులోనో ఉన్న స్పెల్లింగే తీసుకోండి.

తెలుగు లిపిలోనే రాసే డాట్ భారత్ పేర్లు కూడా ఉన్నాయి. చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి. లోపల కంప్యూటర్ దాన్ని ఎక్స్, ఎన్ అక్షరాలతో మొదలయ్యే పొడుగాటి ఇంగ్లీషు వరుసగా మార్చుకుంటుంది. చాలా ఫారాలు, ఈమెయిల్ సేవలు ఆ చిరునామాని ఒప్పుకోవు. ఇష్టం కొద్దీ ఒకటి పెట్టుకోండి. అమ్ముదామని మాత్రం ఇప్పుడే కొనొద్దు.

కొనేముందు చేయాల్సిన నాలుగు తనిఖీలు

మొదటిది ట్రేడ్‌మార్క్. దీన్ని వదిలేస్తే డొమైన్ పోతుంది, కోర్టు నోటీసూ రావచ్చు. ఐపీ ఇండియా సైటులో పబ్లిక్ సెర్చ్ ఉచితం. "వర్డ్‌మార్క్" కింద ఒకసారి, "ఫొనెటిక్" కింద ఒకసారి వెతకండి. ఫొనెటిక్ ఎందుకంటే స్పెల్లింగ్ వేరైనా పలకడం ఒకటే అయిన మార్కులు అందులో దొరుకుతాయి. తరగతి నంబర్ అడుగుతుంది: శుద్ధిచేసిన చేపలు, రొయ్యలకు 29, గ్రానైట్ వంటి కట్టడ సామగ్రికి 19, హోటళ్లు, భోజనానికి 43, దుకాణం, వ్యాపార సేవలకు 35. మీ పేరు ఏ తరగతికి సరిపోతుందో అందులోనూ, 35లోనూ చూడండి.

జీఐ గుర్తింపు, అంటే ఫలానా ఊరి సరుకని చట్టం ఇచ్చే గుర్తింపు, ఉన్న పేర్లూ ఇంతే. ఉదయగిరి చెక్క గరిటెలు, చెంచాలకు జీఐ ఉంది, వెంకటగిరి చీరలకు ఉంది. ఆ పేర్లతో డొమైన్ కొని చేతివృత్తుల సంఘానికే అమ్మజూడటం చట్టరీత్యా చిక్కు, ఊళ్లో పరువు తక్కువ కూడా.

నాయకులు, నటులు, పెద్ద కంపెనీలు, రాబోయే సినిమాల పేర్లు ముట్టుకోవద్దు. డొమైన్ పేరుకి ట్రేడ్‌మార్క్ లాంటి రక్షణే ఉంటుందని సుప్రీంకోర్టు 2004లో సత్యం ఇన్ఫోవే, సిఫీనెట్ కేసులో తేల్చింది. కోర్టు దాకా పోకుండానే డాట్ కామ్‌కి 1999 నుంచి యూడీఆర్‌పీ అనే మధ్యవర్తిత్వ పద్ధతి ఉంది, డాట్ ఇన్‌కి నిక్సీ నడిపే ఐఎన్‌డీఆర్‌పీ ఉంది. యూడీఆర్‌పీలో ఫిర్యాదుదారు మూడు రుజువు చేయాలి: పేరు తమ మార్కుని పోలి ఉందని, మీకు దాని మీద న్యాయమైన హక్కు లేదని, దురుద్దేశంతో రిజిస్టర్ చేసి వాడుతున్నారని. మార్కు యజమానికే లాభానికి అమ్మాలని కొనడం దురుద్దేశానికి రుజువుగా ఆ నియమాల్లోనే రాసి ఉంది. అంటే "ఫలానా కంపెనీ పేరు కొని వాళ్లకే అమ్ముతా" అనే ఆలోచన వ్యాపారం కాదు, మీకు మీరే రాసిచ్చుకునే వాంగ్మూలం.

రెండోది కంపెనీల రిజిస్టర్. కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ సైటులో ఆ పేరుతో కంపెనీ ఉందేమో చూడండి. మామూలు వర్ణన మాటలతో పది కంపెనీలు ఉంటే మంచిదే, పదిమంది కొనుగోలుదారులు దొరికినట్టు. విలక్షణమైన పేరుతో ఒకే కంపెనీ ఉంటే వదిలేయండి.

మూడోది పేరు పాత చరిత్ర. పాత వెబ్‌సైట్ల నకళ్లు దాచే వేబ్యాక్ మెషీన్‌ సైటులో పేరు కొట్టి, వెనక ఏ సైటు ఉండేదో చూడండి. జూదం, అశ్లీలం, నకిలీ మందుల సైటు నడిచి ఉంటే గూగుల్‌లోనూ ఈమెయిల్ ఫిల్టర్లలోనూ ఆ మచ్చ ఉంటుంది. కొన్నాయన ఈమెయిల్ పెట్టుకోగానే అన్నీ స్పామ్‌లోకి పోతాయి, తిరిగి మీకే ఫోన్ చేస్తాడు.

నాలుగోది పోలిక ధరలు. నేమ్‌బయో అనే సైటులో పాత అమ్మకాలు ఉంటాయి. మీ పేరులోని మాట కొట్టి, అదే తోకతో ఎంతకి పోయాయో చూడండి. రిజిస్ట్రార్లు చూపించే ఆటోమేటిక్ "విలువ అంచనా"ను నమ్మి ధర పెట్టొద్దు. అది యంత్రం వేసే లెక్క, దానికి చీమకుర్తి తెలియదు.

ఎక్కడ, ఎలా కొనాలి

మూడు దారులు. ఎవరూ తీసుకోని పేరుని మామూలు ధరకి రిజిస్టర్ చేసుకోవడం మొదటిది. గడువు దాటి జారిపోతున్న పేర్లని వేలంలో పట్టుకోవడం రెండోది. ఇప్పుడున్న యజమాని దగ్గర కొనడం మూడోది. కొత్తవారు మొదటి ఆరు నెలలు మొదటి దారిలోనే ఉండి, రెండోదాన్ని గమనిస్తూ ఉండటం మేలు.

గడువు తీరిన డాట్ కామ్ వెంటనే ఊడిపోదు. రిజిస్ట్రార్‌ని బట్టి 0 నుంచి 45 రోజుల దాకా పాత యజమాని మామూలు రుసుముతో రెన్యువల్ చేసుకోవచ్చు. దీన్ని గ్రేస్ గడువు అంటారు. తర్వాత 30 రోజులు రిడెంప్షన్, అంటే విడిపించుకునే గడువు, అప్పుడు కావాలంటే వేలల్లో అదనపు రుసుము. ఆపై 5 రోజులు "పెండింగ్ డిలీట్", అప్పుడిక ఎవరూ ఏమీ చేయలేరు. ఆ తర్వాతే బయటపడుతుంది. అయితే మంచి పేర్లు అక్కడి దాకా రావు. గ్రేస్ గడువులోనే రిజిస్ట్రార్లు వేలానికి పెడతాయి. వేలంలో గెలిచినా పాత యజమాని చివరి నిమిషంలో కట్టేస్తే పేరు ఆయనకే పోతుంది, మీ డబ్బు వెనక్కి వస్తుంది. కాబట్టి పేరు మీ అకౌంట్లోకి చేరేదాకా ఎవరికీ అమ్మజూపొద్దు. బయటపడబోయే పేర్ల జాబితాలు ఎక్స్‌పైర్డ్ డొమైన్స్ డాట్ నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. తోక, అక్షరాల సంఖ్య, హైఫన్ లేనివి అన్న ఫిల్టర్లు పెట్టి చూడండి. లేకపోతే ఆ జాబితాలో మునిగిపోతారు.

పేర్లన్నీ ఒకే రిజిస్ట్రార్ దగ్గర పెట్టండి. కొనగానే చేయాల్సినవి:

పేరు, చిరునామా, ఫోన్ నిజమైనవే ఇవ్వండి. ఈమెయిల్‌కి వచ్చే ధృవీకరణ లింకు 15 రోజుల్లో నొక్కకపోతే డాట్ కామ్‌ని ఆపేస్తారు. మామూలుగా ఎవరూ చదవని మెయిల్ అదే.

అకౌంటుకి రెండంచెల లాగిన్ పెట్టండి, ఎస్సెమ్మెస్‌తో కాకుండా ఆథెంటికేటర్ యాప్‌తో. పేరు వేరే చోటికి మారకుండా ఆపే బదిలీ తాళం వేసి ఉందో లేదో చూడండి.

ఆటో రెన్యువల్ మీద పూర్తిగా ఆధారపడొద్దు. 2021 అక్టోబరు నుంచి రిజర్వు బ్యాంకు నియమాల ప్రకారం కార్డు మీద తనంతట తాను పడే చెల్లింపుకి ముందస్తు మ్యాండేట్ ఉండాలి. విదేశీ రిజిస్ట్రార్ల దగ్గర మన కార్డులు తరచూ తిరస్కరణకి గురవుతాయి. గడువుకి 45 రోజుల ముందు, 15 రోజుల ముందు ఫోన్ క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోండి.

స్పెల్లింగ్ తప్పు కొన్నారా? కొన్ని రిజిస్ట్రార్లు 5 రోజుల్లోపు రద్దు చేస్తే డబ్బు తిరిగిస్తాయి. ఆ రోజే అడగండి.

ధర పెట్టడం, కనిపించేలా చేయడం

పేరు టైప్ చేసినవారికి ఖాళీ పేజీ కనిపిస్తే అమ్మకం పోయినట్టే. ఆఫ్టర్నిక్, సెడో అనే డొమైన్ మార్కెట్లలో ఒకదాంట్లో లిస్టు చేసి, వాళ్లిచ్చే నేమ్‌సర్వర్లు (పేరు కొట్టినవారిని ఏ పేజీకి పంపాలో చెప్పే సెట్టింగు) మీ పేరుకి పెట్టండి. "ఈ డొమైన్ అమ్మకానికి ఉంది" అన్న పేజీ దానంతట అదే వస్తుంది. ఆఫ్టర్నిక్ లాంటి చోట లిస్టు చేసిన పేర్లు చాలా రిజిస్ట్రార్ల సెర్చ్‌లో కూడా ధరతో కనిపిస్తాయి. అమెరికాలో ఉన్నాయన తన రిజిస్ట్రార్ దగ్గర ఆ పేరు వెతికినా మీది చూస్తాడు. లోకల్ పేర్లకి మాత్రం మీ సొంత పేజీయే మేలు: తెలుగులో రెండు వాక్యాలు, ధర, వాట్సాప్ నంబర్. కావలి ఆయన డాలర్లలో ధర చూస్తే పేజీ మూసేస్తాడు. ఖాళీ పేరు మీద ప్రకటనలు చూపే పార్కింగ్ పేజీతో ఆదాయం వస్తుందన్న మాట మర్చిపోండి. టీ ఖర్చు కూడా రాదు.

ధర దాచి "ఆఫర్ చేయండి" అని పెడితే మొదటి ఆఫర్ 500 రూపాయలు వస్తుంది. ధర రాసిపెట్టండి. లోకల్ డాట్ ఇన్‌కి 8 వేల నుంచి 20 వేలు, ఎగుమతి రంగపు డాట్ కామ్‌కి 40 వేల నుంచి లక్షన్నర అడగదగిన ధర. అడిగేదానికి, దిగగలిగేదానికి మధ్య పావు వంతు ఉంచుకోండి. ఇక్కడ బేరం ఆడకుండా కొనేవాళ్లు లేరు. ఆ పావు వంతు తగ్గిస్తేనే కొన్నాయనకి తృప్తి.

మీరే వెళ్లి అమ్మడం

పదిమంది జాబితా ఇప్పుడు పనికొస్తుంది. వారానికి ఒక పేరు తీసుకోండి, రోజుకి ఇద్దరు ముగ్గురికి మించి సంప్రదించొద్దు. వందమందికి ఒకే మెయిల్ పడేస్తే స్పామ్ అవుతుంది, మీ నంబర్ బ్లాక్ అవుతుంది.

మెసేజ్ చిన్నగా ఉండాలి. ఈ మాదిరిగా: "నమస్కారం సార్. గ్రానైట్ స్లాబుల ఎగుమతికి పనికొచ్చే డాట్ కామ్ పేరు ఒకటి నా దగ్గర ఉంది. ధర 45 వేలు, బదిలీ నేనే చేసి పెడతాను. ఇప్పుడున్న మీ సైటు మార్చక్కర్లేదు, ఈ పేరు కొట్టినా అదే సైటు తెరుచుకునేలా పెట్టొచ్చు. వద్దనుకుంటే ఇబ్బంది లేదు సార్, మళ్లీ మెసేజ్ పెట్టను." చివరి వాక్యం రాసినాక దానికి కట్టుబడి ఉండండి.

"మీరు తీసుకోకపోతే మీ పోటీదారుకి ఇచ్చేస్తా" అని ఎప్పుడూ రాయొద్దు. అది బెదిరింపులా వినిపిస్తుంది, వివాదం వస్తే మీ మీదే రుజువు అవుతుంది.

ఒంగోలు, చీమకుర్తి ఆఫీసులకి నేరుగా వెళ్లగలిగితే మెయిల్ కంటే అదే మేలు. పదకొండు తర్వాత, భోజనానికి ముందు వెళ్లండి. ఓనరు గారు "వెబ్‌సైట్ సంగతులు మావాడు చూసుకుంటాడు" అంటే ఆ మావాడి నంబర్ తీసుకోండి, నిర్ణయం అక్కడే ఉంటుంది. "ఇదేందబ్బా, ఆన్‌లైన్ మోసం కాదు గదా?" అన్న అనుమానం తప్పక వస్తుంది. నోటిమాటతో పోదు. ముందు డబ్బు అడక్కుండా, డొమైన్ మీ పేరు మీదే ఉందని వాళ్ల కళ్లముందే నిరూపించండి. వాళ్లు చెప్పిన ఒక మాటని ఆ పేజీ మీద అప్పటికప్పుడు కనిపించేలా పెట్టి చూపిస్తే చాలు.

వాళ్లకి నిజంగా పనికొచ్చే వాదన ఒకటే, ఈమెయిల్. కోట్ల సరుకు పంపే సంస్థ ఇంకా ఉచిత జీమెయిల్ చిరునామాతో కొటేషన్ పంపుతుంటే విదేశీ కొనుగోలుదారుకి నమ్మకం కుదరదు. అది మర్యాదగా చెప్పండి. ఇంకో సంగతి గమనిస్తారు: చాలా సంస్థల డొమైన్ వాళ్ల పేరు మీద ఉండదు, ఎప్పుడో సైటు చేసిచ్చిన కుర్రాడి అకౌంట్లో ఉంటుంది. ఆ కుర్రాడు హైదరాబాద్ పోయి ఫోన్ ఎత్తడు. మీరు అమ్మేటప్పుడు ఓనరు గారి సొంత ఈమెయిల్‌తోనే అకౌంటు తెరిపిస్తే, రెండో పేరు కొనడానికి ఆయనే పిలుస్తారు.

డబ్బు, బదిలీ

బదిలీ రెండు రకాలు. ఒకే రిజిస్ట్రార్‌లో ఒక అకౌంటు నుంచి ఇంకో అకౌంటుకి నెట్టడాన్ని పుష్ అంటారు. నిమిషాల్లో అయిపోతుంది, రుసుము ఉండదు. వేరే రిజిస్ట్రార్‌కి మార్చడం ట్రాన్స్‌ఫర్: తాళం తీయాలి, ఆథ్ కోడ్ (బదిలీకి రిజిస్ట్రార్ ఇచ్చే రహస్య సంకేతం) ఇవ్వాలి, 5 నుంచి 7 రోజులు పడుతుంది, ఒక ఏడాది రుసుము కట్టాలి, ఆ ఏడాది గడువుకి కలుస్తుంది. కొత్తగా రిజిస్టర్ చేసిన డాట్ కామ్‌కి, ఈమధ్యే బదిలీ అయిన దానికి 60 రోజుల తాళం ఉండటం మామూలు. గత నెలే కొన్న పేరు అమ్ముతుంటే కొనేవారిని మీ రిజిస్ట్రార్‌లోనే అకౌంటు తెరవమని చెప్పి పుష్ చేయండి. అన్నిటికంటే ఇదే తేలిక.

ఎదురెదురుగా కూర్చుని చేసే లోకల్ బేరంలో సగం ముందు, పుష్ కాగానే మిగతాది అన్న పద్ధతి నడుస్తుంది. లక్ష దాటితే యూపీఐ రోజు పరిమితి అడ్డొస్తుంది, నెఫ్ట్ చేయించుకోండి. తెల్లకాగితం మీద పేరు, ధర, తేదీ, ఇద్దరి సంతకాలతో రెండు ప్రతులు రాసుకోండి. ముఖపరిచయం లేని బేరమైతే ఎస్క్రో తప్పనిసరి. కొనేవారు ఎస్క్రో సంస్థకి కడతారు, మీరు పేరు బదిలీ చేస్తారు, అందిందని వాళ్లు చెప్పాక మీకు డబ్బు వస్తుంది. ఎస్క్రో రుసుము ఎవరిదో ధరతో పాటే మాట్లాడుకోండి. విదేశం నుంచి డబ్బు బ్యాంకుకి వచ్చినప్పుడు పర్పస్ కోడ్, అంటే డబ్బు ఎందుకొచ్చిందో చెప్పే సంకేతం, అడుగుతారు. ఇన్‌వాయిస్ చూపించి, రెమిటెన్స్ ధృవపత్రం తీసుకుని దాచండి. ఈ ఆదాయం పన్నులో చూపాల్సిందే. కొన్న ఖర్చు, రెన్యువళ్ల రశీదులు ఆడిటర్‌కి ఇస్తే లాభం మీదే పన్ను పడుతుంది.

మోసాలు నాలుగు తీరుల్లో వస్తాయి. మీ పేరుకి లక్షల ఆఫర్ ఇచ్చి, "ముందు ఫలానా సైటులో విలువ సర్టిఫికెట్ తెండి" అంటారు. ఆ సైటు వాళ్లదే, సర్టిఫికెట్ డబ్బు కట్టగానే మాయమవుతారు. చైనాలో ఎవరో మీ పేరు రిజిస్టర్ చేయబోతున్నారంటూ వచ్చే మెయిల్ రెండోది, చదవకుండా తీసేయండి. రెన్యువల్ బిల్లు రూపంలో వచ్చే నకిలీ మెయిల్ మూడోది. మెయిల్‌లోని లింకు నొక్కకుండా మీరే అకౌంటులోకి వెళ్లి గడువు చూడండి. నకిలీ ఎస్క్రో సైటు నాలుగోది. కొనేవారు పంపిన లింకుతో కాకుండా చిరునామా మీరే టైప్ చేసి తెరవండి. ఇవి కాక, మీకు డబ్బు "పంపడానికి" క్యూఆర్ స్కాన్ చేయమంటే అది మీ దగ్గర గుంజడానికే.

ఏడాది తిరిగేసరికి

గడువుకి 45 రోజుల ముందు ప్రతి పేరునీ విడిగా చూడండి. ఏడాదిలో ఒక్క విచారణ అయినా వచ్చిందా? పదిమందిలో కనీసం ఇద్దరు "తర్వాత చూద్దాం" అన్నారా? ఒకదానికి అవునంటే ఇంకో ఏడాది ఉంచండి. రెండింటికీ కాదంటే వదిలేయాలి. రెండో ఏడాది కూడా ఏమీ కదలకపోతే ఇంకేమీ చూడకుండా వదిలేయండి. డబ్బు పెట్టాం కదా అని మూడో ఏడాది కట్టేవాళ్లే ఎక్కువగా నష్టపోతారు.

వదిలే పేరుని ఊరికే వదలొద్దు. జాబితాలో ఉన్నవారిలో మర్యాదగా మాట్లాడిన ఇద్దరికి "గడువు ఫలానా తేదీ, రెండు వేలకే ఇచ్చేస్తాను" అని ఒక్క మెసేజ్ పెట్టండి. అలా పోయినా రెన్యువల్ ఖర్చు చేతికి వస్తుంది. అప్పటికీ పోకపోతే ఆటో రెన్యువల్ ఆపి, ఆఫ్టర్నిక్, సెడోల్లో లిస్టింగు తీసేయండి. తీయకుండా ఉంచితే, పేరు మీ చేతి నుంచి పోయాక ఎవరైనా అక్కడ "కొనండి" నొక్కుతారు. ఇవ్వలేని సరుకు అమ్మినందుకు మీ అకౌంటు ఆపేసే అవకాశం ఉంది.